చాకిరేవు మడుగు

గురువారం పొద్దున్న డొలీనా గన్ గాలం కర్రల కొట్టంలోకి వచ్చేసరికి, ఫార్కర్ తన కోటు మోచేత్తో నల్లబల్ల మీద ఆమె పేరు తుడిచేస్తున్నాడు.

తుడవడం కూడా శ్రద్ధగానే తుడిచాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆర్లిన్ నదికి అతను పెద్ద గిల్లీ. అతిథి వెంట నడిచి, చేప ఎక్కడుందో చూపించి, ఆ అతిథి నీళ్లలో పడకుండా కాచుకునే మనిషిని ఆ ఉత్తరపు కొండల్లో గిల్లీ అంటారు. వేట కోసం నదిని పంచిన ఒక్కో ముక్కని బీటు అంటారు. సోమవారం గడిలో 'మధ్య బీటు' పక్కనున్న డొలీనా పేరు పోయింది. అదే పేరు మళ్లీ అట్టడుగున, 'కింది బీటు' పక్కన వచ్చింది. సుద్దముక్క అరిగిపోయి కిర్రుమంది.

"లీథమ్ గారు ఫోన్ చేశారు," అన్నాడు ఫార్కర్ వెనక్కి తిరక్కుండానే. "సోమవారం బావమరిదిని వెంటబెట్టుకుని వస్తున్నారట. ఇరవై ఏళ్ల నుంచి వస్తున్న మనిషి. మధ్య బీటు కావాలన్నారు."

"అది నా అతిథికి రాసింది కదండీ. పోయినవారం మీరే రాశారు."

"నీ అతిథి లాటరీ టిక్కెట్టు మీద వస్తోంది. మధ్య బీటేదో కింది బీటేదో ఆవిడకేం తెలుస్తుంది? ఓ శాండ్‌విచ్ పెట్టు, ఓ ఫోటో తియ్యి, సంతోషంగా రైలెక్కి పోతుంది."

"నాకు తెలుస్తుంది కదా."

అప్పుడు తిరిగాడు ఫార్కర్. చెడ్డవాడు కాదు. చర్చిలో పెద్ద, ఒకరి సొత్తు ముట్టినవాడు కాదు. కానీ అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, డొలీనాకి దక్కిన రోజుని లీథమ్‌కి ఇచ్చేయడంలో అతనికి తప్పేమీ కనిపించలేదు.

"మేనేజరు చెప్పింది గుర్తుంది కదా," అన్నాడు. "సోమవారం నీ మొదటి రోజు. అతిథి సంతోషంగా వెళ్లాలి, మన గురించి నాలుగు మంచి మాటలు రాసిపోవాలి. అది సవ్యంగా జరిగితే టామ్ ఉద్యోగం నీది. లేకపోతే మంగళవారం నుంచి మళ్లీ దుప్పట్లే."

నల్లబల్ల పైభాగాన మూడు పేర్లు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. ఫార్కర్, రోరీ, టామ్. మోకాళ్లు పట్టేసి టామ్ పోయిన డిసెంబరులోనే మానేశాడు గానీ పేరు ఇంకా అలాగే ఉంది. పెయింటు పేర్లకి ఎప్పుడూ భయం లేదు. డొలీనాది మాత్రం సుద్ద పేరు. మోచెయ్యి తగిలితే చాలు.

మూడు వారాలుగా వాన లేదు. కింది బీటంటే నది సముద్రంలో కలిసే చోటికి ఒక మైలు పైన మూడు మడుగులు. ఇప్పుడు వాటిలో నీళ్ల కంటే రాళ్లే ఎక్కువ. ఉన్న నాలుగు చేపలూ ఎప్పుడో పైకి వెళ్లి మధ్య బీటు లోతుల్లో కూర్చున్నాయి. కొత్తవి సముద్రంలోనే వాన కోసం చూస్తున్నాయి. కింది బీటుకి పంపించడమంటే ఇంటికి పంపించడమే.

మూల స్టూలు మీద కూర్చుని బూట్లకి మైనం రాస్తున్న రోరీ తలెత్తాడు. "పోనీలే డొలీనా, కింద చేపల్లేకపోతే నీకే మంచిది. ఎత్తేసే ప్రమాదం ఉండదు."

ఆ మాట సూదిలా దిగింది. పోయిన సెప్టెంబరులో టామ్‌కి సాయంగా వెళ్లి, ఒక అతిథికి చూపించడానికని కర్ర అందుకుంటే, ఆ క్షణంలోనే ఒక పెద్ద సాల్మన్ వచ్చి ఈగని, అంటే ముల్లుకి ఈకలు కట్టి చేసిన ఎరని, పట్టుకుంది. డొలీనా చిన్నప్పటి నుంచి కొండ చెరువుల్లో ట్రౌట్ పట్టిన చెయ్యి. ట్రౌట్ అయితే రెప్పపాటులో కర్ర ఎత్తాలి. ఎత్తేసింది. సాల్మన్‌కి అది కుదరదు. ఈగని నోట పెట్టుకుని అది వెనక్కి తిరగాలి, తిరిగేటప్పుడు ముల్లు నోటి మూలన దానంతటదే దిగాలి. అంతదాకా ఊపిరి బిగబట్టుకుని ఊరికే ఉండాలి. ఆమె తొందరకి ఖాళీ ఈగ ఎగిరొచ్చి అతిథి టోపీకి తగులుకుంది. అప్పటి నుంచి రోరీ నోట ఆమె పేరు 'ట్రౌట్ పిల్ల'.

"బూట్లు సరిగ్గా రాసుకో రోరీ. మధ్య బీటులో జారుడెక్కువ," అని డొలీనా బయటికొచ్చేసింది. వచ్చాక తన చేతుల వంక చూసుకుంది. పన్నెండేళ్లు అతిథులు దిగే బంగళా చాకిరేవు గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేసిన చేతులవి. మళ్లీ ఆ ఆవిరి గదిలోకి వెళ్లాలంటే ఆమెకి ఏడుపొచ్చింది.

*

శుక్రవారం ఆమె రీటా కాఫెర్టీకి ఫోన్ చేసింది.

"నమస్కారమండీ, ఆర్లిన్ నది నుంచి డొలీనాని. సోమవారం మీ గిల్లీని."

"అమ్మయ్య, ఆడపిల్లవా! ఏ మీసాల ముసలాడో వస్తాడని బెంగపెట్టుకుని చచ్చాను."

"మీసాలాయన కూడా ఉన్నాడండి. ఆయన వేరేవాళ్లకి."

అవతల నుంచి పెద్ద నవ్వు. పడవల వాళ్ల సహాయనిధి కోసం గ్లాస్గోలో ఎవరో అంటగట్టిన టిక్కెట్టట. బహుమతి చేపల వేట అని తెలిసి, మొదట తిరిగి ఇచ్చేద్దామనుకుందట.

"ఇంతకుముందు ఎప్పుడైనా చేపలు పట్టారా?"

"ఫోర్కుతో పట్టానమ్మా, వేయించాక."

డొలీనా చాకిరేవు చీటీ వెనక రాసుకుంటూ పోయింది. చెప్పుల సైజు ఐదు. ఎత్తు తక్కువ. ఈత రాదు. కుడి మోకాలు మొండికేస్తుంది.

"ఇరవై ఏడేళ్లు బ్రేకు తొక్కిన మోకాలు," అంది రీటా. "బస్సు నడిపాను, తూర్పు వైపు రూటు. నిలబడమంటే నిలబడతా గానీ, రాళ్ల మీద మేకపిల్లలా గెంతమంటే నావల్ల కాదు పిల్లా."

"గెంతక్కర్లేదండి. మెత్తటి చోటు చూస్తాను."

మెత్తటి చోటు ఒక్కటే ఉంది, చాకిరేవు మడుగు. పూర్వం బంగళా బట్టలన్నీ అక్కడే ఉతికేవారు. ఇటు గులకరాళ్ల మేట, అటు పాత రాతిగోడ, మధ్యలో వంద అడుగుల పొడవున నీళ్లు. గిల్లీలెవరూ దాని మొహం చూడరు. నీళ్లు తక్కువైతే అందులో చేప ఉండదు. వానొచ్చి కొత్తనీరు దిగితే అందరూ పైబీట్లకి పరిగెత్తుతారు. కింద చేప ఆగదు, సాగిపోతుందని వాళ్ల తాతల నాటి మాట.

ఆగుతుందని డొలీనాకి తెలుసు. ఇస్త్రీ బల్ల ముందున్న కిటికీలోంచి ఆ మడుగు మాత్రమే కనిపిస్తుంది. పన్నెండేళ్లు అదొక్కటే చూసింది. కొత్తనీరు వచ్చిన రోజు, సముద్రం పోటు దాటిన రెండు గంటలకి, గోడ నీడలో ఒక వీపు లేస్తుంది. తర్వాత ఇంకొకటి. ఒక దుప్పటి, నాలుగు గలీబులు ఇస్త్రీ అయ్యేంతసేపు అవి అక్కడే ఉంటాయి. దూరప్రయాణం చేసొచ్చినవాడు గుమ్మంలో కాస్త కూర్చుని కాళ్లు చాపుకోడా? చేపా అంతే. ఈ సంగతి ఒకసారి రోరీతో చెబితే, "ఆవిరికి కళ్లు మసకేసి ఉంటాయి" అన్నాడు.

కాబట్టి కావలసింది వాన. అది ఆమె చేతిలో లేదు. మిగతావన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆ సాయంత్రం బల్లకి బిగించిన చిన్న పట్టులో ముళ్లు పెట్టి ఆరు ఈగలు కట్టింది. మేక వెంట్రుక, వెండి తీగ, మెడ దగ్గర నారింజ రంగు ఈక. వాన పడితే నీళ్లు టీ డికాక్షన్‌లా తయారవుతాయి, అందులో నారింజ రంగే కనిపిస్తుంది. వదిలిపెట్టేటప్పుడు చేప నోరు చిరగకుండా ప్రతి ముల్లుకీ వెనక్కి తిరిగుండే పన్నుని పట్టకారుతో నొక్కేసింది. చంకల దాకా వచ్చే రబ్బరు లాగుల్లో అతి చిన్నది తీసి, నీళ్లు నింపి, కారే చోట రెండు మాసికలు వేసింది.

శనివారం పొద్దున్న బట్టల క్లిప్పుల సంచీ పట్టుకుని మడుగుకి వెళ్లింది. సాల్మన్ వేటలో విసరడం కంటే నడవడం ముఖ్యం. ఒక విసురు, ఒక అడుగు. మళ్లీ విసురు, మళ్లీ అడుగు. నిలబడ్డ చోటే విసురుతూ కూర్చుంటే చూసిన చేపే చూస్తుంది, మిగతావాటికి కబురందదు. కొత్తవాళ్లంతా ఇక్కడే తప్పు చేస్తారు. అందుకని మడుగు తల దగ్గరున్న వేరు నుంచి గోడ చివర దాకా, రీటాది ఎంత అడుగుంటుందో ఊహించి, ప్రతి అడుక్కీ గట్టు గడ్డిలో ఒక క్లిప్పు గుచ్చుకుంటూ పోయింది. మోకాలు మొండికేసిన మనిషి అడుగు ఎలా ఉంటుందో తనే కుంటి చూసుకుంది. ముప్పై ఒక్క క్లిప్పులు పట్టాయి.

పద్దెనిమిదోది గుచ్చుతుంటే వంతెన మీద ఫార్కర్ జీపు ఆగింది.

"నదికి బట్టలారేస్తున్నావా?"

"అడుగులు గుర్తు పెడుతున్నానండి. ఆవిడ మోకాలికి."

ఫార్కర్ రాళ్లు తేలిన మడుగు వంక, చెక్క క్లిప్పుల వరస వంక చూశాడు. నవ్వబోయి నవ్వలేదు. "పాపం," అన్నాడు. జీపు వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది అనిపించింది డొలీనాకి.

*

ఆదివారం ఆ దేశంలో సాల్మన్ మీద గాలం వెయ్యకూడదు. చట్టమూ ఒప్పదు, చర్చీ ఒప్పదు. ఆ ఊళ్లో కొందరు ఆదివారం దండెం మీద తువ్వాలు కూడా వెయ్యరు.

రీటా శనివారం సాయంత్రమే రైలు దిగింది. పొట్టిగా, గుండ్రంగా, బస్సు అద్దాల్లో చూసి చూసి అలవాటైనట్టు నాలుగు వైపులా ఒకేసారి చూసే కళ్లతో ఉంది. ఆదివారం మధ్యాహ్నం డొలీనా ఆమెను చాకిరేవు గది వెనక, దండేల మధ్య గడ్డిలోకి తీసుకెళ్లింది. కర్రకి ఈగ బదులు దూది ముక్క కట్టింది.

"రెండు చేతులా పట్టుకోండి. మెల్లిగా పైకి తీసుకెళ్లండి, చెవి దాకా. ఆగండి. ఇప్పుడు ముందుకి."

దారం వెళ్లి దండేనికి చుట్టుకుంది.

"రూటు తప్పింది," అంది రీటా.

"పరవాలేదు రీటా గారూ. మళ్లీ."

"గారూ గీరూ పెట్టావంటే దిగిపోతాను. అక్కా అను చాలు."

పదోసారికి దారం తిన్నగా పడింది. ఇరవయ్యోసారికి రీటా నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా విసురుతోంది. పెద్ద స్టీరింగు తిప్పిన భుజాలు, బరువుని తొందరపెట్టవు. ఇది డొలీనా అనుకోని వరం.

"ఇప్పుడు అసలు సంగతి అక్కా," అంది డొలీనా. "చేప పట్టుకున్నట్టు తెలుస్తుంది. లాగినట్టుంటుంది. అప్పుడు నువ్వు కర్ర ఎత్తకూడదు."

"ఎత్తకుండా?"

"ఎత్తకుండా. అది వెనక్కి తిరిగేదాకా ఆగాలి. ఎంతసేపని అందరూ అడుగుతారు. దానికి ఇక్కడ ఒక మాట చెప్తాం. 'దేవుడు మన రాజుగారిని చల్లగా చూడుగాక' అని మనసులో నిదానంగా అనుకుని, అప్పుడు ఎత్తాలి."

రీటా కర్ర దించేసింది.

"ఏమనాలీ?"

డొలీనా మళ్లీ చెప్పింది.

"మా తాత ఐర్లండులోని డొనెగాల్ నుంచి బంగాళాదుంపలు తవ్వే కూలికి వచ్చాడు పిల్లా. ఈ రాజులంటే గిట్టని మనిషి, సమాధిలో లేచి కూర్చుంటాడు. చేప కోసం ఆ మాట నేననను. దేవుడు రాజుగారిని చూసుకుంటాడో లేదో, మధ్యలో నా సిఫారసెందుకు?"

డొలీనాకి నవ్వాగలేదు, భయమూ ఆగలేదు. ఇన్నేళ్లుగా ప్రతి గిల్లీ ప్రతి అతిథికీ చెప్పే మాట అది. ఇంకో మాట ఎవరూ ఆలోచించలేదు. "మరి నీకు నోటికొచ్చింది ఇంకేదైనా? నాలుగైదు మాటలుండాలి. తొందరగా అనడానికి వీల్లేనిదై ఉండాలి."

రీటా ఆలోచించింది. తర్వాత బస్సులో మైకు పట్టుకున్న గొంతుతో తన రూటులోని స్టాపులు మొదలుపెట్టింది. "జార్జ్ స్క్వేర్. హై స్ట్రీట్. డ్యూక్ స్ట్రీట్. పార్క్‌హెడ్." ఒక్కో పేరు తర్వాత ఆగింది. ఆగినచోట జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, తలుపు మూసుకుంటోంది.

"పార్క్‌హెడ్ తర్వాత?"

"షెటిల్‌స్టన్."

"షెటిల్‌స్టన్ వద్దు. పార్క్‌హెడ్ దగ్గర ఎత్తెయ్."

"ఆదివారం!" అంది గోడ అవతల నుంచి ఒక గొంతు. చర్చి కోటులో ఫార్కర్, చేతిలో బైబిలు.

"గడ్డిలో చేపల్లేవండీ," అంది డొలీనా.

"ముల్లు కూడా లేదు బాబూ, దూదే," అంది రీటా. "దీంతో పాపం చెయ్యాలన్నా కుదరదు."

ఫార్కర్ మీసం కదిలింది. ఆకాశం వైపు చూశాడు. పడమటి కొండ మీద మబ్బు బూడిదరంగు నుంచి నలుపుకి తిరుగుతోంది. అతను టోపీ పెట్టుకుని వెళ్లిన పది నిమిషాలకి మొదటి చినుకు రీటా ముక్కు మీద పడింది.

డొలీనా తడుస్తూ నిలబడిపోయింది. "లోపలికి రా పిల్లా, జ్వరమొస్తుంది," అని రీటా కేకేస్తోంది. రానీ అనుకుంది డొలీనా. వానని చూసి అంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

*

సోమవారం పొద్దున్న నదిలో కొలతరాయి మెడదాకా మునిగింది. నీళ్లు చిక్కటి డికాక్షన్‌లా, అంచున తెల్లటి నురగతో దిగుతున్నాయి. లీథమ్ బృందం నవ్వుకుంటూ జీపుల్లో మధ్య బీటుకి వెళ్లిపోయింది. వెనక సీట్లోంచి రోరీ చెయ్యూపాడు.

పోటు ఏడున్నరకి. డొలీనా లెక్క ప్రకారం తొమ్మిదిన్నర. ఎనిమిదికే రెడీ అయిన రీటాని మడుగు గట్టునున్న గుడిసెలో బల్ల మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసింది.

"పోదామా?"

"ఇంకా లేదక్కా."

"నీళ్లు ఇక్కడే ఉన్నాయిగా."

"నీళ్లున్నాయి. బస్సు రాలేదు."

రీటాకి ఆ భాష వెంటనే అర్థమైంది. ఓట్స్ రొట్టె మీద జున్ను పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. డొలీనా మాత్రం కూర్చోలేకపోయింది. సముద్రపు చేప ఈ పోటుకి రాకపోతే? కిటికీలోంచి చూసినవి నిజంగా ఆవిరి మసకేనేమో? రోరీ నవ్వు, మేనేజరు సన్నటి గొంతు, ఇస్త్రీ బల్ల, అన్నీ కళ్లముందు తిరిగాయి. తొమ్మిదింపావుకి గోడ నీడలో నీళ్లు కొంచెం ఉబ్బి, సర్దుకున్నాయి. వీపు కనిపించలేదు. ఉబ్బింది మాత్రం ఆమె చూసింది.

"లే అక్కా," అంది.

మొదటి క్లిప్పు దగ్గర రీటా గులకరాళ్లలోకి దిగింది. నీళ్లు మోకాలి కిందకే. డొలీనా ఎడమపక్కన, ఒక చెయ్యి ఆమె నడుము బెల్టు దగ్గర సిద్ధంగా ఉంచుకుని నిలబడింది. విసురు. ఈగ అటుపక్క పడి, ప్రవాహంతోపాటు వంపు తిరుగుతూ ఇటు గట్టుకి వచ్చింది. అడుగు. విసురు. అడుగు. రెండు విసుర్లు చెడిపోయాయి, ఒకటి రీటా టోపీ ఎగరగొట్టింది. ఏడో క్లిప్పు. పది. పదిహేను. ప్రతి క్లిప్పు దగ్గరా రీటా "స్టాపింగ్" అని గొణుగుతోంది.

పందొమ్మిదో క్లిప్పు దగ్గర ఈగ గోడ నీడలోకి వెళ్లి, సగం వంపు తిరిగి, ఆగిపోయింది.

దారం బిగుసుకోవడం డొలీనా కళ్లకి కనపడింది. ఆమె రెండు చేతులూ వాటంతటవే లేచాయి. ముప్పై ఏళ్ల ట్రౌట్ చేతులు, రీటా చేతుల మీదుగా ఆ కర్రని అందుకుని పైకి లాగెయ్యాలని లేచాయి. అంగుళం దూరంలో ఆమె వాటిని ఆపింది. ఆపి, ఏం చెయ్యాలో తెలియక, రబ్బరు లాగు జేబుల్లో దోపుకుని పిడికిళ్లు బిగించింది. నిదానమే ప్రధానం అని తేలిగ్గా అంటారు గానీ, నిదానంగా ఉండటానికి ఎంత బలం కావాలో ఆ క్షణంలో తెలిసింది.

"జార్జ్ స్క్వేర్," అంది రీటా పైకే.

దారం ఒక మూర సాగింది.

"హై స్ట్రీట్." ఆమె గొంతులో కంగారు లేదు. జనం దిగుతున్నారు. తలుపు మూసుకుంటోంది. "డ్యూక్ స్ట్రీట్."

డొలీనా పెదవి కొరుక్కుంది. 'ఎత్తు, ఎత్తు' అని ఒళ్లంతా అరుస్తోంది.

"పార్క్‌హెడ్," అంది రీటా, కర్ర ఎత్తింది.

కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమని అరిచింది. గోడ దగ్గర నీళ్లు చిట్లి, వెండి పళ్లెమంత మెరుపు గాల్లోకి లేచి, దభీమని పడింది.

"ఓరి నాయనో!" అని అరిచింది రీటా. "ఇది నన్ను లాక్కుపోతోంది! బ్రేకేదీ? దీనికి బ్రేకేదీ?"

"బ్రేకొద్దు, వెళ్లనీ! వెళ్లినంత దూరం వెళ్లనీ! ఆగినప్పుడు చుట్టుకో!" డొలీనా ఇప్పుడు బెల్టు పట్టుకుంది. ఈసారి చేతులకి పనుంది. పావుగంట ఆ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, బతిమాలుకుంటూ, ఇరవై తొమ్మిదో క్లిప్పు దాకా చేప వెంట నడిచారు. చివరికి అది అలిసి పక్కకి వాలినప్పుడు డొలీనా చేతివల నీళ్లలో పెట్టి, దాన్నే లోపలికి రానిచ్చింది.

నాలుగు కిలోలుంటుంది. కొత్త గిన్నెలా మెరుస్తోంది. తోక దగ్గర రెండు సముద్రపు పేలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మంచినీళ్లలోకి వచ్చిన ఒకటి రెండు రోజులకే రాలిపోయే పేలవి. అంటే ఈ పోటుకే వచ్చింది. కళ్లు మసకెయ్యలేదు, పన్నెండేళ్లు చూసింది నిజమే. డొలీనాకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. ముల్లు నోటి మూలన, సరిగ్గా దిగాల్సిన చోట దిగి ఉంది. వేలు తగలగానే ఊడొచ్చింది.

"ఇంటికి తీసుకెళ్లకూడదు కదూ," అంది రీటా.

"వసంతంలో ఒక్కటి కూడా చంపం అక్కా. చెయ్యి తడుపుకుని తోక దగ్గర పట్టుకో. తల ప్రవాహానికి ఎదురుగా."

రీటా మోకాలు మొండికేసినా వంగింది. చేప ఆమె చేతిలో మొప్పలు కదుపుతూ ఉంది.

"ఇదెక్కడికి పోతుంది ఇప్పుడు?"

"పైకి. తను పుట్టిన వాగుకి."

"దారెలా తెలుస్తుంది?"

"వాసన పట్టి వెళ్తుందంటారు."

"బోర్డు మీద అక్షరాలు ఇంతింత ఉన్నా పక్క స్టాపులో దిగినవాళ్లని చూశాను నేను," అంది రీటా. చేప ఒక్క విదిలింపుతో ఆమె మొహం మీద నీళ్లు కొట్టి వెళ్లిపోయింది. ఆమె అలాగే వంగి, ఖాళీ చేతుల వంక చూసుకుంటూ చాలాసేపు నవ్వింది.

తలెత్తేసరికి వంతెన మీద ఫార్కర్ జీపు ఆగి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

*

పన్నెండున్నరకి ఫార్కర్ గుడిసెకి వచ్చాడు. రీటా సూపు తాగుతోంది. అప్పటికి రెండో చేప కూడా వచ్చి, తప్పించుకుని పోయింది. దాని గురించి ఆమె మొదటిదాని కంటే గొప్పగా చెబుతోంది.

"అభినందనలమ్మా," అన్నాడు ఫార్కర్ రీటాతో. తర్వాత టోపీ తీసి చేతిలో తిప్పుతూ డొలీనాని బయటికి పిలిచాడు.

"పైన ఏమీ లేదు. నీళ్లు పెరుగుతుంటే పాత చేప నోరు తెరవదు, నీకు తెలుసు. కొత్తవి ఇంకా అంత దూరం రాలేదు. లీథమ్ గారు నది బాగోలేదంటున్నారు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

ఫార్కర్ విననట్టు నటించాడు. "ఇక్కడి సంగతి ఆయనకి తెలిసింది. మధ్యాహ్నం నుంచి కింది బీటుకి వస్తానంటున్నారు. నీ అతిథికి ఎలాగూ చేప పడింది కదా. మీరు పైకెళ్తే..."

గుడిసె తలుపులోంచి రీటా గొంతు వినిపించింది. "బస్సు నిండింది బాబూ! వెనక బండి చూసుకోమను!"

డొలీనా గుడిసె తలుపు దగ్గరగా వేసింది. ఉద్యోగం ఇచ్చేదీ ఈ మనిషి మాటే, తీసేసేదీ ఈ మనిషి మాటే. సరేనంటే ఎవరూ తప్పుపట్టరు. గురువారం అయితే ఆమే సరేననేది. కానీ మధ్యాహ్నం ఆ మడుగులో ఎక్కడ నిలబడాలో ఆమెకి తెలుసు. ఆ మోకాలితో రీటా మధ్య బీటు రాళ్ల మీద నిలబడలేదనీ తెలుసు.

"బల్ల మీద నా పేరు కింది బీటు పక్కనే ఉందండి," అంది. "మీ చేత్తోనే రాశారు. రోజు మొదలయ్యాక బల్ల మీద రాసింది తుడవకూడదని మాకు మొదట నేర్పింది కూడా మీరే."

ఫార్కర్ నెమ్మదిగా గట్టు వెంట నడిచి, క్లిప్పులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇక్కడా?"

"అక్కడేనండి. పందొమ్మిదోది."

"వంతెన మీంచి చూశాను," అన్నాడు. "చేప పట్టింది. నీ చేతులు లేచాయి. అయిపోయిందనుకున్నాను. తర్వాత అవి కనిపించలేదు."

"జేబుల్లో పెట్టుకున్నాను."

ఫార్కర్ గోడ నీడ వంక చాలాసేపు చూశాడు. "ముప్పై ఎనిమిదేళ్లు ఈ మడుగు మీంచి జీపులో పోయాను," అన్నాడు. మీసం పక్కకి లాగుకుంది. "రాశాను, నిజమే. నేనే రాశాను. లీథమ్ గారికి నేను చెప్పుకుంటాలే." టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. డొలీనా అక్కడే గట్టు మీద కూర్చుంది. రీటా సూపు గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం రీటా రైలెక్కే ముందు అతిథుల పుస్తకంలో రెండు పేజీలు రాసింది. ఒక పేజీ చేప గురించి, ఒకటి క్లిప్పుల గురించి. పందొమ్మిదో క్లిప్పు సంచీలో వేసుకుని మరీ పోయింది.

డొలీనా కర్రలు కడిగి కొట్టంలోకి తెచ్చేసరికి ఫార్కర్ కళ్లద్దాలు పెట్టుకుని, నల్లబల్ల ముందు స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. టామ్ పేరు బ్లేడుతో గీకేసి ఉంది. కింద తెల్ల పెయింటు డబ్బా. సన్న కుంచెతో చివరి అక్షరం దిద్ది, వెనక్కి వంగి చూసుకుని, అప్పుడు దిగాడు.

"మేనేజరు గారు ఏమన్నారు?" అంది డొలీనా.

"ఆ రెండు పేజీలూ చదివారు. నేను చెప్పాల్సింది నేనూ చెప్పాను." అతను కుంచె గుడ్డతో తుడుస్తూ ఆమె మొహం వంక చూడలేదు. "గురువారం నేను చేసింది బాగోలేదు. ఇక దీనికి మోచెయ్యి తగిలినా ఏం కాదు. కానీ తెల్లారేదాకా ఆరదు, ముట్టుకోకు."

అతను వెళ్లాక కొట్టంలో మైనం వాసన, తడి పెయింటు వాసన మిగిలాయి. డొలీనా పెద్దగా ఊపిరి వదిలింది. గురువారం నుంచి లోపలే పెట్టుకున్న ఊపిరి. తెల్లగా, తడిగా మెరుస్తున్న ఆ పేరుని ఒక్కసారి, ఒక్క వేలితో తాకి చూడాలని చెయ్యి లేచింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, జార్జ్ స్క్వేర్ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.